మంచం పక్కన నేర్వవలసిన చదువు: మహమ్మారి కాలంలో నర్సింగ్ విద్యార్థినుల ఆన్‌లైన్ పాఠాలు

రక్తపోటు చూడడం నర్సింగ్ విద్యార్థిని మొదటి సంవత్సరంలోనే నేర్చుకునే పని. మోచేతి పైన పట్టీ చుట్టి, గాలి నింపి, మెల్లగా వదులుతూ, మోచేతి మడతలో ఆనించిన స్టెతస్కోపులో వినిపించే చప్పుళ్ళను గమనించాలి. చప్పుడు మొదలైన చోట పై అంకె, ఆగిపోయిన చోట కింది అంకె. 1905లో రష్యన్ వైద్యుడు నికోలాయ్ కొరొట్‌కోవ్ ఈ చప్పుళ్ళను వర్ణించిన నాటి నుంచి నేటి దాకా ఈ పద్ధతి పెద్దగా మారలేదు. పుస్తకంలో ఇది అరపేజీ విషయం. కాని మొదటిసారి స్టెతస్కోపు చెవిన పెట్టుకున్న విద్యార్థినికి తరచుగా ఏమీ వినిపించదు, లేదా తన వేళ్ళు గొట్టానికి రాసుకున్న శబ్దమే వినిపిస్తుంది. పక్కన నిలబడిన ఉపాధ్యాయురాలు గొట్టాన్ని ఒక అంగుళం లోపలికి జరిపి, "ఇదిగో, ఇప్పుడు విన్నావే, అదే" అన్నప్పుడు ఆ పాఠం పూర్తవుతుంది.

2020లో ఇదే పాఠం ఫోను తెర మీద నడిచింది. ఉపాధ్యాయురాలు కెమెరా ముందు మరొకరి చేతికి పట్టీ చుట్టి చూపించగలరు. పాదరసం దిగడం విద్యార్థినులకు కనిపిస్తుంది. చప్పుడు మాత్రం వినిపించదు. వీడియో కాల్ సాఫ్ట్‌వేర్లు మనిషి మాటను స్పష్టంగా అందించడానికి తయారైనవి. ఇలాంటి మంద్రమైన చప్పుళ్ళను అవి అనవసరపు రొదగా భావించి తొలగిస్తాయి. తొలగించకపోయినా ఫోను స్పీకరుకు వాటిని పలికించే శక్తి లేదు. విద్యార్థిని నోటు పుస్తకంలో 120/80 అని రాసుకుంటుంది. ఆ అంకె తాను విన్నది కాదు, ఇతరులు చెప్పినది.

మహమ్మారి కాలంలో నర్సింగ్ విద్యకు ఏర్పడిన చిక్కు అంతా ఈ చిన్న ఉదాహరణలో ఉంది. ఆన్‌లైన్ చదువు కష్టాల గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా నెట్‌వర్కు, ఫోను, కంటి అలసటల దగ్గరే మాట ఆగిపోతుంది. అవన్నీ నిజమైన ఇబ్బందులే. వాటిని మించిన ప్రశ్న ఒకటి ఉన్నది: మంచం పక్కన నిలబడి నేర్వవలసిన చదువులో ఎంత భాగం తెర మీదుగా ప్రయాణం చేయగలదు? చేయలేని భాగం ఎవరికి ఎక్కువ నష్టం కలిగించింది?

నర్సుల సంవత్సరం

ఫ్లారెన్స్ నైటింగేల్ 1820 మే 12న జన్మించారు. ఆమె ద్విశతజయంతిని పురస్కరించుకొని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020ని అంతర్జాతీయ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ సంవత్సరం మార్చి 11న అదే సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా వర్ణించింది. ఏప్రిల్ 7న వెలువడిన ఆ సంస్థ నివేదిక ప్రకారం అప్పటికి ప్రపంచంలో ఉన్న నర్సులు 2 కోట్ల 79 లక్షలు. కొరత 59 లక్షలు. ఆ కొరతలో 89 శాతం తక్కువ ఆదాయం, దిగువ మధ్యతరగతి ఆదాయం గల దేశాలలోనే ఉన్నది. నర్సులు అత్యంత అవసరమైన ఆ సంవత్సరంలోనే నర్సులను తయారుచేసే కళాశాలలు మూతపడ్డాయి.

భారతదేశంలో మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. హాస్టళ్ళు ఖాళీ చేయించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇంటర్మీడియట్ తరువాత నాలుగేళ్ళ బి.ఎస్‌సి. నర్సింగ్‌లోనో, మూడేళ్ళ జి.ఎన్.ఎం.లోనో చేరిన పిల్లలు పెట్టెలు సర్దుకొని ఊళ్ళకు చేరారు. వీరిలో అత్యధికులు ఆడపిల్లలు. ఇంట్లో నర్సింగ్ చదువుకున్న మొదటి వ్యక్తి కావడమే కాదు, ఇంటర్ దాటిన మొదటి వ్యక్తి కావడం కూడా వీరిలో అరుదు కాదు.

ఈ కోర్సుల నిర్మాణాన్ని ఒకసారి గమనించాలి. భారత నర్సింగ్ మండలి నిర్దేశించిన పాఠ్యక్రమంలో తరగతి గది గంటల కంటే ఆసుపత్రిలోను, జన సమూహంలోను గడపవలసిన గంటలే ఎక్కువ. ప్రసూతి విభాగంలో ఒక్కొక్క విద్యార్థిని పర్యవేక్షణలో నిర్ణీత సంఖ్యలో సాధారణ కాన్పులు స్వయంగా చేయాలి. గర్భిణులను పరీక్షించడం, బాలింతలను, పసికందులను చూసుకోవడం వంటి వాటికీ విడివిడిగా లెక్కలున్నాయి. వీటన్నిటినీ నమోదు చేసి సంతకం పెట్టించుకునే పుస్తకం ఒకటి ఉంటుంది. లాక్‌డౌన్‌లో తరగతి పాఠం ఎలాగో కొనసాగింది. ఆ పుస్తకంలోని గళ్ళు ఖాళీగా మిగిలిపోయాయి.

ఇంట్లో ఒకటే ఫోను

జాతీయ నమూనా సర్వే 2017–18లో జరిపిన 75వ విడత అధ్యయనం ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాలలో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి దాదాపు 15 శాతం. పట్టణాలలో 42 శాతం. కంప్యూటరు ఉన్న గ్రామీణ కుటుంబాలు 4 శాతానికి కొంచెం పైన. తరువాతి రెండేళ్ళలో చవక డేటా వల్ల ఫోన్లు పెరిగిన మాట నిజం. అయినా నర్సింగ్ విద్యార్థినులలో ఎక్కువమందికి తరగతి గది అంటే ఆరంగుళాల ఫోను తెరే.

ఆ ఫోను కూడా ఆమె ఒక్కదానిది కాదు. తమ్ముడికి పదో తరగతి పాఠాలు, తండ్రికి పని కబుర్లు అందులోనే. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా మూడు వీడియో తరగతులకే కరిగిపోతుంది. పాడేరు, భద్రాచలం, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాలలో సిగ్నల్ కోసం గుట్ట ఎక్కవలసి వచ్చేది. మైదాన గ్రామాలలో డాబా మీది నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చోవలసి వచ్చేది. మే నెల ఎండలో డాబా మీద మధ్యాహ్నం తరగతి ఎలా సాగుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆడపిల్ల ఇంట్లో ఉన్నదంటే ఇంటి పని ఆమె చుట్టూ చేరుతుంది. హాస్టల్లో ఉన్నంతకాలం ఆమె చదువుకునే అమ్మాయి. ఇంటికి వచ్చాక చెవిలో ఇయర్‌ఫోను ఉన్నా ఆమె ఖాళీగా ఉన్నట్టే కుటుంబం లెక్క. ఫార్మకాలజీ పాఠం వింటూ కూర తరిగిన విద్యార్థినిని శ్రద్ధ లేనిదానిగా భావించడం అన్యాయం. చదువుకునే స్థలమూ, చదువుకునే సమయమూ రెండూ ఒకేసారి ఆమె చేయి జారిపోయాయి. పైగా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా "నువ్వు నర్సువు కదమ్మా" అని ఆమెనే ముందుకు నెట్టేవారు. సూది పట్టుకోవడం ఇంకా సరిగా రాని పిల్ల మీద ఇరుగుపొరుగు పెట్టుకున్న ఆ నమ్మకం గౌరవమూ అయింది, భయమూ అయింది.

తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్ల

నర్సింగ్ పాఠాలు, పరీక్షలు ఆంగ్లంలో జరుగుతాయి. పదో తరగతి దాకా, కొన్నిచోట్ల ఇంటర్ దాకా తెలుగులో చదివిన విద్యార్థిని మొదటి సంవత్సరమంతా రెండు చదువులు చదువుతుంది: ఒకటి నర్సింగ్, రెండవది ఆంగ్లం. తరగతి గదిలో ఈ భారాన్ని తగ్గించే ఏర్పాట్లు ఎవరూ రాసిపెట్టకపోయినా ఉంటాయి. ఉపాధ్యాయురాలు ముఖాలు చూసి, అర్థం కాలేదని గ్రహించి, అదే మాటను తెలుగులో చెబుతారు. పక్క బెంచీ అమ్మాయి చెవిలో ఊదుతుంది. రాత్రి హాస్టల్ గదిలో నలుగురూ కూర్చుని ఒకరికొకరు చెప్పుకుంటారు.

తెర మీద ఇవన్నీ పోయాయి. డేటా పొదుపు కోసం అందరూ కెమెరా ఆపేస్తే ఉపాధ్యాయురాలికి కనిపించేది పేర్ల వరుస మాత్రమే. ఆమె ఆంగ్ల స్లైడులు చదువుకుంటూ పోతారు. మధ్యలో మాట తెగితే, తెలిసిన భాషలో అయితే తెగిన మాటను మనసు పూరించుకుంటుంది; కొత్త భాషలో కొత్త పదం తెగితే పూరించుకునే ఆధారం లేదు. హైపోకాలేమియా, హైపర్‌కాలేమియా అనే రెండు మాటలలో పో, పర్ అన్న అక్షరాలే తేడా. రక్తంలో పొటాషియం తగ్గిందో పెరిగిందో ఆ రెండు అక్షరాలే చెబుతాయి. అవి సిగ్నల్‌తో పాటు పోతే వాక్యం అర్థం తలకిందులవుతుంది. "ఏమైనా సందేహాలున్నాయా?" అన్న ప్రశ్నకు నలభై మంది మౌనం జవాబు. అంతమంది వింటుండగా తప్పు ఆంగ్లంలో ప్రశ్న అడగడానికి ధైర్యం కావాలి.

దీనికి మరొక పార్శ్వం ఉన్నది. అంతగా చర్చకు రానిది కూడా అదే. తరగతిలో వెనకబడే ఈ విద్యార్థినే వార్డులో ముందుంటుంది. జిల్లా ఆసుపత్రిలో మంచం మీది ముసలమ్మ తన బాధను పుస్తకం భాషలో చెప్పదు. "గుండె దడదడలాడుతోంది", "కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి", "పిక్కలు పట్టేస్తున్నాయి", "ఒళ్ళంతా తిమ్మిరెక్కింది" అంటుంది. "పెద్దమ్మా, పొద్దున్నుంచీ ఉచ్చ పోసుకున్నావా?" అని సంకోచం లేకుండా అడిగి, వచ్చిన జవాబును కేసు షీటు మీదికి చేర్చగలిగేది ఆ మాటల మధ్య పెరిగిన పిల్లే. మూత్రం తగ్గిన విషయం ఆ ఒక్క ప్రశ్నతో బయటపడుతుంది. వార్డులో ఆమె భాష లోపం కాదు, వృత్తికి కావలసిన పనిముట్టు. అక్కడ పొందిన మెప్పుతోనే ఆమె ఆంగ్లాన్ని ఎదుర్కొనే ధైర్యం కూడగట్టుకుంటుంది. ఆన్‌లైన్ చదువు ఆమెను బలహీనమైన చోట ఒంటరిగా నిలబెట్టి, బలంగా ఉండే చోటును తీసివేసింది. అందరికీ ఒకేలా వర్తించినట్టు కనిపించిన ఏర్పాటులో అందరి నష్టమూ ఒకటి కాదు.

తెర ఎంతవరకు మోయగలదు?

అమెరికన్ వైద్యవిద్యా నిపుణుడు జార్జ్ మిల్లర్ 1990లో వృత్తి సామర్థ్యాన్ని నాలుగు మెట్ల పిరమిడ్‌గా వర్ణించారు. తెలియడం, ఎలా చేయాలో తెలియడం, చేసి చూపగలగడం, నిజమైన పనిలో చేయడం. ఒక ఉదాహరణతో దీన్ని పరిశీలించవచ్చు. 500 మిల్లీలీటర్ల సెలైన్‌ను నాలుగు గంటలలో ఎక్కించాలి. గొట్టం మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు ఇస్తుంది. 500ను 20తో హెచ్చించి, 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి దాదాపు 42 చుక్కలు. ఈ లెక్క తెర మీద చక్కగా నేర్పవచ్చు. రికార్డు చేసిన పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చూసుకోవచ్చు కనుక తరగతి కంటే మెరుగ్గా కూడా నేర్పవచ్చు. శరీర నిర్మాణం, మందుల వర్గీకరణ, సూక్ష్మజీవుల పాఠాలు కూడా ఇలాంటివే.

వార్డులో ఆ 42 చుక్కలు గడియారం చూస్తూ చక్రాన్ని తిప్పి నిలపాలి. రోగి చేయి మడిస్తే చుక్క ఆగిపోతుంది. సూది ఉన్నచోట వాపు కనిపిస్తే ద్రవం నరంలోకి కాక కండలోకి పోతున్నదని గ్రహించాలి. ముసలాయనకు ఆయాసం మొదలైతే లెక్క సరిగ్గానే ఉన్నా చుక్కలు తగ్గించి వైద్యుడిని పిలవాలి. ఇవి మూడవ, నాలుగవ మెట్ల విషయాలు. పెదవుల నీలిరంగు ఫోను తెర మీద నమ్మదగినదిగా కనిపించదు. చర్మం చెమ్మ, నాడి బిగువు, పుండు వాసన తెరకు అందవు.

నర్సింగ్ సిద్ధాంతవేత్త పట్రీషియా బెన్నర్ 1984లో ప్రచురించిన గ్రంథంలో, నర్సు కొత్తవ్యక్తి దశ నుంచి నిపుణురాలి దశకు అయిదు అంచెలలో చేరుతుందని వివరించారు. కొత్తవ్యక్తికి నియమాలే ఆధారం. సందర్భాన్ని బట్టి ఏ నియమానికి ఎంత బరువు ఇవ్వాలో అనుభవం నేర్పుతుంది. తెర నియమాలను అందించింది, సందర్భాలను అందించలేకపోయింది.

బొమ్మలు, దిండ్లు

రోగి లేకుండా నర్సింగ్ నేర్పే ప్రయత్నం కొత్తది కాదు. 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ పాఠశాల కోసం బొమ్మల తయారీదారు మార్తా చేస్ నిలువెత్తు మనిషి బొమ్మను తయారుచేశారు. మిసెస్ చేస్ అని పేరుపడిన ఆ బొమ్మ మీద విద్యార్థినులు రోగిని కదిలించడం, దుస్తులు మార్చడం అభ్యసించారు. నేటి కంప్యూటర్ బొమ్మలకు నాడి కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది.

ఈ అనుకరణ శిక్షణ మీద అమెరికా నర్సింగ్ బోర్డుల జాతీయ మండలి జరిపిన విస్తృత అధ్యయనం 2014లో వెలువడింది. పది నర్సింగ్ విద్యాసంస్థల విద్యార్థులను మూడు వర్గాలుగా విభజించి, క్లినికల్ గంటలలో పది శాతానికి మించని, పాతిక శాతం, సగం భాగం అనుకరణ శిక్షణతో పోల్చారు. లైసెన్సు పరీక్ష ఫలితాలలోను, ఉద్యోగంలో చేరాక కనబరిచిన సామర్థ్యంలోను చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. మహమ్మారి వచ్చినప్పుడు అమెరికా రాష్ట్రాలు అనేకం అనుకరణ శిక్షణ వాటాను పెంచడానికి ఈ అధ్యయనం ధైర్యమిచ్చింది.

అయితే ఆ ఫలితం వెనుక షరతులున్నాయి. శిక్షణ పొందిన అధ్యాపకులు, తగినన్ని పరికరాలు, ప్రతి అభ్యాసం తరువాత జరిగినదాన్ని కూర్చుని చర్చించే సమయం. అక్కడ విద్యార్థులు ప్రయోగశాలకు స్వయంగా వచ్చి బొమ్మను ముట్టుకొని నేర్చుకున్నారు. ఇంట్లో ఫోనులో చూసిన వీడియోను ఆ అధ్యయనం పేరుతో సమర్థించడం సరికాదు. తెలుగు రాష్ట్రాలలో అనేక చిన్న కళాశాలలకు ఉన్న కొద్దిపాటి బొమ్మలు కూడా తాళం వేసిన గదులలో ఉండిపోయాయి. విద్యార్థినులు దిండుకు సూది గుచ్చి, తువాలు చుట్టిన మూటకు పసిబిడ్డ స్నానం చేయించి, తమ్ముడి తలకు కట్టు కట్టి వీడియోలు పంపారు. ఆ చొరవ మెచ్చదగినది. కట్టు కట్టడం వంటివి అలా కొంత పట్టుబడ్డాయి కూడా. కాని దిండుకు నొప్పి తెలియదు. సూది చూసి చేయి వెనక్కు లాక్కునే రోగిని మాటలతో నిమ్మళపరచడమే ఆ పనిలో సగం.

తెర నుంచి కోవిడ్ వార్డుకు

ఇతర కోర్సుల విద్యార్థులకు ఇది ఆలస్యమైన చదువు. నర్సింగ్ విద్యార్థినుల విషయంలో మరొక మలుపు వచ్చింది. 2021 ఏప్రిల్, మే నెలల రెండవ ఉద్ధృతిలో ఆసుపత్రులు నిండిపోయాయి. మే 3న కేంద్ర ప్రభుత్వం సిబ్బంది కొరతను తీర్చడానికి కొన్ని నిర్ణయాలు ప్రకటించింది. బి.ఎస్‌సి., జి.ఎన్.ఎం. అర్హత గల నర్సులను సీనియర్ వైద్యుల, నర్సుల పర్యవేక్షణలో పూర్తికాలం కోవిడ్ విధులలో వినియోగించుకోవాలన్నది అందులో ఒకటి. వంద రోజుల కోవిడ్ విధులు పూర్తిచేసిన వారికి ప్రభుత్వ నియామకాలలో ప్రాధాన్యం ఇస్తామన్నారు. ఇలా వార్డులలో అడుగుపెట్టిన కొత్తవారిలో చాలామందికి చివరి సంవత్సరపు చదువు తెర మీదే గడిచింది.

బ్రిటన్‌లో 2020 వసంతంలోనే ఇలాంటి నిర్ణయం జరిగింది. కోర్సు చివరి ఆరు నెలలలో ఉన్న విద్యార్థులు జీతంతో కూడిన క్లినికల్ పనిని ఎంచుకునే వీలు కల్పించి, మొదటి సంవత్సరం వారి ఆసుపత్రి శిక్షణను ఆపి, చదువును ఆన్‌లైన్‌లో కొనసాగించారు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసి వారి చోటు నిర్ణయించడం ఆ ఏర్పాటులోని మేలు.

కోవిడ్ వార్డులో రక్షణ దుస్తులు తొడుక్కోవడం కంటే విప్పుకోవడం కష్టమైన పని. ముందు చేతి తొడుగులు, ఆఖరున మాస్కు. మధ్యమధ్య చేతుల శుభ్రత. అలసిన ఒంటితో, చెమటతో మసకబారిన కళ్ళద్దాలతో ఒక్క అంచె తారుమారైతే వైరస్ ఆమె ముఖానికే చేరుతుంది. ఈ వరుస వీడియోలో పదిసార్లు చూసిన వారికి కూడా, ఎదురుగా నిలబడి "ఆగు, ముందు చేతులు" అని చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి దొరికిన చోట కొత్త నర్సులు వారాలలోనే పని అందుకున్నారు. దొరకని చోట భయంతో నేర్చుకున్నారు. ఆక్సిజన్ అంకె పడిపోతున్న రోగి పక్కన, బంధువులెవరూ లోపలికి రాలేని వార్డులో, ఆఖరి మాట వినవలసింది కూడా ఆ ఇరవై రెండేళ్ళ పిల్లే. దానికి ఏ పాఠ్యక్రమమూ ఆమెను సిద్ధం చేయలేదు.

ఖాళీ గళ్ళు

వాయిదా పడిన పరీక్షలు తరువాత జరిగాయి. పట్టాలు వచ్చాయి. పట్టా మీద ఎన్ని కాన్పులు చేసిందో, ఎన్ని వీడియోలో చూసిందో రాసి ఉండదు. కొరత ఉన్న వ్యవస్థ ఆ ప్రశ్న అడగకుండానే ఆమెను రాత్రి విధులకు పంపుతుంది. ఈ లోటును దాచిపెట్టి ఆ తరం నర్సులను మెచ్చుకోవడమూ, లోటును పేర్కొని వారిని తక్కువ చేయడమూ రెండూ వారికి మేలు చేయవు. లోటు చదువులో ఏర్పడినది, వారిలో ఉన్నది కాదు.

పూడ్చే మార్గాలు కొత్తగా కనిపెట్టవలసినవి కావు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలలో ఒక్కొక్క నైపుణ్యాన్ని చేయించి చూసే విడి విడి కేంద్రాల పరీక్ష జరిపితే ఎవరికి ఏది రాదో తేలుతుంది. రాని పనిని నేర్పడానికి ఒక సీనియర్ నర్సును జతచేస్తే తక్కువ ఖర్చులోనే ఎక్కువ ఫలితం వస్తుంది. ఆ సీనియర్‌కు అందుకు సమయం కేటాయించాలి. 2021లో గెజెట్‌లో వెలువడిన బి.ఎస్‌సి. నర్సింగ్ కొత్త పాఠ్యక్రమం సెమిస్టర్ల పద్ధతిని, సామర్థ్యం ఆధారంగా మదింపును, అనుకరణ శిక్షణను చేర్చుకున్నది. ఆ శిక్షణ కాగితం మీద గంటలుగా మిగలకుండా, అధ్యాపకులకు ముందు నేర్పించడం అవసరం.

విదేశాలలో ఉన్న తెలుగు వైద్యులకు, నర్సులకు ఇందులో పాత్ర ఉన్నది. ఈ విద్యార్థినులలో కొందరు గల్ఫ్‌కు, బ్రిటన్‌కు, అమెరికాకు రావాలని ఆశిస్తారు. 2023 ఏప్రిల్ నుంచి అమెరికా లైసెన్సు పరీక్ష కొత్త రూపంలో నడుస్తున్నది. రోగి పరిస్థితిని చదివి ఏది ముందు చేయాలో నిర్ణయించగలగడం మీద అందులో మునుపటి కంటే ఎక్కువ దృష్టి ఉన్నది. బట్టీ పట్టి అందుకోలేని సామర్థ్యం అదే. ఖరీదైన బొమ్మ ఒకటి విరాళంగా పంపడం సులభం. దాన్ని నడిపేవారు లేకపోతే అది పెట్టెలోనే ఉంటుంది. దానికి బదులు నెలకు రెండు గంటలు, ఎనిమిది పది మంది చిన్న బృందంతో, ఒక రోగి కథను తీసుకొని "ఇప్పుడు ముందు ఏం చూస్తావమ్మా? ఎందుకు?" అని తెలుగులో అడిగి, జవాబును ఆంగ్లంలోకి తెచ్చుకోవడానికి తోడ్పడవచ్చు. తక్కువ డేటాతో దిగుమతి చేసుకోగల పది నిమిషాల తెలుగు శబ్ద పాఠాలు తయారుచేయవచ్చు. తెర ఇంతవరకు బాగా మోయగలదు.

ఆ తరువాతి భాగానికి వార్డు కావాలి, రోగి కావాలి, పక్కన మరొక మనిషి కావాలి. మరొక మహమ్మారి వస్తే కళాశాలలు మళ్ళీ మూయవలసి రావచ్చు. అప్పుడు అందరినీ ఒకే వేటున ఇళ్ళకు పంపకుండా, చివరి సంవత్సరం వారికైనా రక్షణ దుస్తులిచ్చి, చిన్న జట్లుగా, కోవిడ్ లేని వార్డులలో మంచం పక్కన నిలబడే అవకాశం మిగిల్చే ప్రణాళికను ఇప్పుడే రాసి పెట్టుకోవాలి. చెవిలో చప్పుడు వినిపించిందో లేదో పక్కనున్నవారే అడిగి తెలుసుకోగలరు.